ఇప్పపూల వేళకు అందే సైకిలు

ఖమ్మంలో దుకాణాయన నా ముందు రెండు కరెంటు సైకిళ్లు నిలబెట్టాడు. ఒకటి అచ్చం స్కూటరే. మెత్తటి సీటు, ముందు పెద్ద లైటు, పేరుకి మాత్రం రెండు పెడళ్లు. రెండోది మామూలు సైకిలులాగే ఉంది, సీటు కింద బ్యాటరీ, వెనక క్యారేజీ. అప్పట్లో అవి కొత్త. లైసెన్సు అక్కర్లేదనేసరికి జనం ఎగబడి చూసేవాళ్లు.

"ఇది తీస్కోండి మేడమ్. జల్దీ పోతది, దర్జాగ ఉంటది," అని పెద్దదాని సీటు తట్టాడు.

"రెండిటికీ స్విచ్ ఆపెయ్ భాయ్," అన్నాను.

"ఏంది మేడమ్, ఆపేస్తే ఎట్ల తెలుస్తది?"

కరెంటు ఉన్నప్పుడు ఏ బండైనా బాగానే నడుస్తుంది. మా ములకలపల్లిలో అది ఎప్పుడుంటుందో ఎవరికి తెలుసు? ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న టీకాల పెట్టెలో నీళ్ల సీసాలు నింపి, క్యారేజీకి కట్టి, ఒకదాని తరవాత ఒకటి తొక్కాను. పెద్దది సందు చివరిదాకా పోకముందే నా ప్రాణం తీసింది. చిన్నది బరువే, కానీ కదిలింది. దుకాణాయన నవ్వాడు. నవ్వుకోనీ, నేను సరదాకి రాలేదు.

నేను నర్సును. నాకు అప్పజెప్పిన ఊళ్లలో ఒక గూడెం అడవిలోకి పదకొండు కిలోమీటర్లు. మామూలు సైకిలు నా మోకాళ్ల వల్ల కాలేదు. ఆటో నిండితే గానీ కదలదు. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. పశువులు తినకముందే ఏరుకోవాలని ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని చీకటితోనే వెళ్లిపోతారు. నేను ఆటో దిగేసరికి గూడెంలో ముసలివాళ్లే మిగిలేవాళ్లు. అంతకు రెండేళ్ల ముందు అలాగే టీకాలు వేసే రెండు బుధవారాలు ఒక పాప పేరు పక్కన 'ఇంట్లో లేరు' అని రాసుకుని తిరిగొచ్చాను. తరవాత తట్టు పోసి ఆ పాప చనిపోయింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు ఆమె రెండో బిడ్డకు తొమ్మిదో నెల నిండింది, తట్టు టీకా వెయ్యాలి. మళ్లీ ఇప్పపూల కాలమే. ఈసారి రిజిస్టర్లో ఆ మాట రాసేది లేదని పంతం పట్టాను. చిన్న సైకిలే కొన్నాను.

మొదటి బుధవారమే తప్పు చేశాను. కరెంటు కోత వేళలు వారంవారం మారేవి. నేను పాత వారం వేళలు గుర్తుపెట్టుకుని చార్జింగ్ పెట్టాను. చూస్తే బ్యాటరీ సగం కూడా నిండలేదు. అయినా టీకాల పెట్టె కట్టుకుని, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కోడి కూసే వేళకు బయల్దేరాను. సగం దారిలో మోటారు ఆగిపోయింది. నన్ను నేను తిట్టుకుంటూ తొక్కాను. వాగు ఇసుకలో దిగి నెట్టాను.

గూడెం చేరేసరికి ఆడవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. ఏడుపొచ్చింది. గుమ్మంలో కూర్చున్న ముసలాయన అడవిలోకి కాలిబాట చూపించాడు. వెనక్కి తిరిగే ప్రసక్తే లేదు, ఆ బాటలోనే సైకిలు నెట్టుకుంటూ పోయాను.

రాలిన ఆకులు కాల్చి శుభ్రం చేసిన నేల మీద వాళ్లు పూలు ఏరుతున్నారు. ఆ తల్లి చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలోంచి పిల్లవాడిని తీసి, అడగకుండానే నా ముందు కూర్చుంది. సూది వేశాను. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. వాడి వీపు నిమురుతూ ఆమె సైకిలు వైపు, దుమ్ము కొట్టుకుపోయిన నా కాళ్ల వైపు చూసింది.

"గిట్ల చెట్ల కాడికి రావచ్చని అప్పుడు తెల్వదా నర్సమ్మా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు.

తెలియదని చెప్పాను. నడిచైనా రావచ్చని నాకు అప్పుడూ తెలుసు.