గుడ్ల కాపలా, బాలింత పథ్యం

నేను చదివింది మూడో తరగతి. సముద్రంలో ఆక్టోపస్ అనే జీవి ఉంటుందనీ, దానికి ఎనిమిది చేతులనీ నా చిన్నకూతురు చెబితేనే తెలిసింది. అది ఆ మాటలు ఎందుకు చెబుతోందో ఆ రోజే గ్రహించి ఉంటే నా పెద్దకూతురు బతికేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మూడో ఏడో, నాలుగో ఏడో. పొట్టకూటికి వలసొచ్చిన హిందీ ఊళ్ళో, బిర్సానగర్‌లో రేకుల ఇల్లు మాది. గోవింద్‌పూర్‌లో కాపురముంటున్న పెద్దది తొలికాన్పుకి మా దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ నా చేత చేయించిన పథ్యమే దాని చేతా చేయించాను. ఐదు రోజులు అన్నం లేదు. పూటకో కాయం ముద్ద, అంటే శొంఠీ మిరియాలూ బెల్లంతో దంచిన మందు, చిన్న గ్లాసుడు వేడినీళ్ళు. ఆ తర్వాత పిడికెడు పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. పప్పూ పెరుగూ ముట్టనివ్వలేదు. దానికి అందకుండా నీళ్ళకుండ నా మంచం పక్కనే పెట్టుకున్నాను. ఆ పథ్యానికి ఖర్చు తక్కువన్న సంగతి కూడా నాకు నచ్చింది. ఇప్పుడు దాచి ఏం లాభం?

“అమ్మా, ఆకలేత్తందే. కూసింత గంజి పొయ్యవే,” అనేది పెద్దది.

“బాలింతకి ఆకలేటే? నోరు కట్టుకోనేనిదానివి, పిల్లనేటి పెంచుతావు?”

చిన్నది కాలేజీలో సైన్సు చదివేది. ఒక మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకం పట్టుకుని, నాకు వినబడేలా అక్క మంచం మీద కూర్చుంది.

“ఇనవే అమ్మా. ఆడ ఆక్టోపస్ రాతి సందులో గుడ్లెట్టి, వాటి మీద నీళ్ళూదుకుంటా కూకుంటాది. ఖానా బంద్, తిండే ముట్టదు. పిల్లలు బయటికొచ్చేసరికి అది చచ్చిపోద్ది. కొన్ని జాతులు బియ్యం గింజలంత గుడ్లు వేలకు వేలు పెడతాయి, ఆ పిల్లలు నీళ్ళలో ఎటో కొట్టుకుపోతాయి. కొన్ని పెద్ద గుడ్లు కొన్నే పెడతాయి, ఆ పిల్లలు పుట్టగానే అడుగున పాకుతాయి. ఎలాగెట్టినా చాలామట్టుకు తల్లి దక్కదు.”

“దేవుడు అలాగెందుకు సేసేడే?” అంది పెద్దది.

“దేవుడు కాదక్కా. కాపలా కాసిన తల్లుల పిల్లలే ఎక్కువ మిగిలేయి. వాటికీ అదే గుణమొచ్చింది. అలాగలాగ లక్షల ఏళ్ళు నడిచింది.”

నేను బియ్యంలో రాళ్ళేరుతున్నాను. “సూసినావేటి? నీళ్ళలో జంతువుకే తెలుసు, తల్లన్నాక నోరు కట్టుకోవాలని,” అన్నాను.

చిన్నది పుస్తకం మూసేసింది. “అరే, పూరా సున్ తో లో! మొత్తం ఇనవే ముందు! దాని కళ్ళ ఎనకాల చిన్న గ్రంథి ఉంటాది. అది కోసి తీసేత్తే మళ్ళీ తిని బతికిందంట. దాని ఆకలి చంపేది ఆ గ్రంథి. అక్క ఆకలి చంపుతన్నది నువ్వు.”

“గుడ్లనొగ్గేసి తిండికెళ్ళింది తల్లేటే?” అన్నాను.

పెద్దది నవ్వబోయింది. ఎండిన పెదవి చిట్లి రక్తం వచ్చింది.

పన్నెండో రోజున జ్వరం తగిలింది. వేపాకు పొగ వేసి రెండు రోజులు చూశాను. మూడో రోజు అల్లుడు వచ్చి, నాతో మాట్లాడకుండా ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఒంట్లో నీరు లేదు, రక్తం లేదన్నాడు డాక్టరు. ఏది తింటానంటే అది పెట్టమన్నాడు.

ఇంటికి వచ్చి పప్పన్నం వండాను. నెయ్యి డబ్బా అడుగంటా వంచాను. ఆ ఇంట్లో నెయ్యి ఎన్నడూ అలా పోసి ఎరగను. ఆసుపత్రికి పట్టుకెళ్ళి, ముద్ద కలిపి దాని నోటి దగ్గర పెట్టాను.

“వద్దే అమ్మా. ఆకలి నేదు.”

ఆ మాటలో కోపం లేదు. చిన్నది అటువైపు నిలబడి నా చేతినే చూస్తోంది. ముద్ద గట్టిపడేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నం నా కూతురు పోయింది.

ఆక్టోపస్‌కి ఆ గుణం పుట్టుకతో వచ్చింది. నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్నది మానుకోవచ్చు. నేను మానుకోలేదు.

మనవరాలిని నేనే పెంచుతున్నాను, ఇప్పుడది బడికి వెళ్తోంది. “అమ్మమ్మా, భూక్ లగీ, ఆకలేత్తంది,” అని వీధి గుమ్మంలోంచే కేకేస్తుంది. చేతిలో పని అక్కడే పడేసి లేస్తాను. ఎంత తొందరగా కంచం పెట్టినా నాకు ఆలస్యమైపోయినట్టే ఉంటుంది.