నా సైకిల్‌కు సుజాత చక్రం

హైదరాబాద్ నుంచి విజయవాడకు సైకిళ్ల మీద పోదామని నేనూ, నా చిన్ననాటి దోస్తు సుజాతా కలిసే అనుకున్నం. ఇద్దరం ఒకే రకం సైకిళ్లు కొన్నం. తీరా బయలుదేరే ముందు, మిర్యాలగూడలో ఆమె పాఠాలు చెప్పే బడిలో సెలవు దొరకలే. నేనొక్కదాన్నే బయలుదేరిన.

ఈ రోజు పొద్దున సూర్యాపేట దాటి మునగాల దగ్గరికి వచ్చేసరికి సైకిల్ గుంతలో పడి వెనక చక్రం వంకరపోయింది. సూర్యాపేట, కోదాడ షాపులకు ఫోన్లు చేస్తే ఆ సైజు చక్రం ఎవరి దగ్గరా లేదన్నరు. ఇగ బస్సెక్కి ఇంటికి పోవుడే అనుకొని, దాబా ముందు కూర్చొని, ఏడుపు ఆపుకుంట సుజాతకు ఫోన్‌లో చెప్పిన.

"ఆడ్నే కూసో, కదలకు" అని పెట్టేసింది.

ఒంటిపూట బడి అయిపోంగనే అంత ఎండలో స్కూటీ మీద వచ్చింది. వెనక సీటుకు తాళ్లతో కట్టిన చక్రం ఉన్నది. చూస్తే అది ఆమె సైకిల్‌దే!

"మరి నువ్వేం తొక్కుతవే?" అన్న.

"నేనైతే రాలేకపోతి. నా చక్రమన్న విజయవాడ సూసొస్తది, తీస్కపో" అన్నది.

ఇద్దరం చాయ్ తాగి, చేతులకు గ్రీజు పూసుకుంట చక్రం బిగించినం. పొద్దుగూకకముందే కోదాడ చేరిన. కడుపునిండ తిని, కాళ్లు చాపుకొని ఇది రాస్తున్న.

ఇప్పుడే సుజాత ఫోన్ చేసి, "చక్రం మంచిగున్నదా?" అని అడిగింది. తొక్కీ తొక్కీ నొస్తున్న నా మోకాళ్ల గురించి ఒక్క ముక్క అడగలే. మీ దోస్తులు గూడ గింతేనా?