గుండీల కార్ఖానాలో ఆరు రోజులు

2019లో నేను పాతబస్తీలో హెరిటేజ్ వాక్ గైడ్‌గా చేరాను. హెరిటేజ్ వాక్ అంటే సందర్శకులను వెంటబెట్టుకుని నడుస్తూ పాత కట్టడాల కథ చెప్పడం. ఆదివారం పొద్దున పత్తర్‌గట్టి కమానుల దగ్గర మొదలుపెట్టి, చార్మినార్ మీదుగా శాలిబండ వచ్చి, మూతపడిన ఒక గుండీల కార్ఖానాలో ముగించేవాళ్లం. ఒకప్పుడు షేర్వానీలకు ఇత్తడి గుండీలు అక్కడ తయారయ్యేవి. ఇప్పుడు మెషిన్లకు రంగులేసి, పక్కన కాఫీ షాపు పెట్టారు. ఏం చెప్పాలో మా ఆఫీసే రాసిచ్చేది. దాన్ని స్క్రిప్ట్ అనేవాళ్లం.

ఒక ఆదివారం అందరూ ఫోటోలు తీసుకుంటుంటే, అరవై దాటిన ఒకామె గేటు దాటి వచ్చి నేరుగా ఒక ప్రెస్ దగ్గర నిలబడింది. ప్రెస్ అంటే ఇత్తడి రేకును ఒక్క దెబ్బతో గుండీగా కోసే మెషిన్.

"టికెట్ ఉందా అమ్మా?" అని అడిగాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"టికెట్ ఏంది బిడ్డా, ఇది నా మిషిని" అంటూ కుడిచెయ్యి చూపింది. రెండు వేళ్లు సగానికి లేవు.

ఆమె పేరు లక్ష్మమ్మ. జహనుమా నుంచి వచ్చింది. పని తొందరగా సాగాలని అప్పటి యజమాని, వేళ్లు లోపలికి పోకుండా ప్రెస్‌ల ముందుండే ఇనుప జాలీలు తీయించాడట. ఆమె వేళ్లు పోయిన మర్నాడు ఆడవాళ్లంతా పని ఆపేశారట.

"వాకిట్ల ఆరు దినాలు కూసున్నం. ఏడో దినం జాలీలు మళ్ల పెట్టిండ్రు. గప్పటి సంది ఎవ్వరి వేలు పోలే. నువ్వు గిది చెప్తవా బిడ్డా?"

"చెప్త అమ్మా. వచ్చే ఐతారం రా, నువ్వే వింటవు" అన్నాను.

ఆమె వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, కోడలిని కూడా తీసుకొచ్చింది. కానీ ఆ రోజే మా మేనేజర్ ఒక ట్రావెల్ కంపెనీ వాళ్లను వెంటబెట్టుకొచ్చారు. లక్ష్మమ్మ సంగతి ఆయన చెవిలో వేశాను. "అవన్నీ ఇప్పుడెందుకు? స్క్రిప్ట్ చెప్పు, చాలు" అన్నారు.

రెండు వాక్యాలు కలిపితే సరిపోయేది. కొత్త ఉద్యోగం, భయపడ్డాను. "ఇక్కడి పనివాళ్లంతా ఒకే కుటుంబంలా మెలిగారు. మూతపడేదాకా ఒక్కరోజు కూడా గొడవ జరగలేదు" అని స్క్రిప్ట్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది చెబుతూ ఆమె వైపు చూడలేకపోయాను.

అందరూ కాఫీకి కదిలాక ఆమె దగ్గరికి వచ్చింది. "లొల్లే కాలేదంటివి. మరి మేం కూసున్న ఆరు దినాలు ఏడికి పోయినయి?"

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది.

"సారున్నడమ్మా, అందుకే…"

"మాకు గూడ సారుండె బిడ్డా" అంది. కోడలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

రెండు నెలలు ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆఖరికి ఎవరినీ అడగకుండా ఆమె కథ చెప్పడం మొదలుపెట్టాను. మేనేజర్‌కు తెలిసింది. ఏమీ అనలేదు. నేను భయపడింది ఇంతేనా అనిపించింది.

ఆ వారమే జహనుమా వెళ్లి ఆమె ఇల్లు వెతికి పట్టుకున్నాను. చాయ్ ఇచ్చింది, మా అమ్మ ఎట్లుందని అడిగింది. ఇంకోసారి రమ్మని, తనతో కూర్చున్న ఆడవాళ్ల పేర్లు చెప్పమని బతిమాలాను.

"ఒక్కపారి వచ్చిన. ఇగ రాను. పేర్లు గూడ ఆ దినమే అడుగుతవనుకున్న" అంది. నా ముఖం చూసి, "ఫికర్ చెయ్యకు, చాయ్ సల్లారుతది" అంది.

కట్టడం గురించి అందులో పనిచేసిన మనిషి నోరు విప్పినప్పుడు, స్క్రిప్ట్ మూసి వినాలని, విన్నది వాళ్ల ముందే చెప్పాలని అలా నేర్చుకున్నాను. లక్ష్మమ్మ కథ చెప్పగానే ఇప్పుడు సందర్శకుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, మిగతా ఆడవాళ్లు ఎవరని. నాకు తెలియదని చెబుతాను.