తంబాకు లేవని ఫ్యాను

మా అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. బోధన్‌లో మా ఇంట్లో ఫ్యాను ఉండేది గానీ, పగటిపూట అది తిరగడం నేనెప్పుడూ చూడలేదు. అవ్వ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, అదే పొగాకు పొడి. స్విచ్ వేస్తే చాలు, ఆ పొడంతా లేచి ఇంటిల్లిపాదికీ తుమ్ములే. అందుకని నడి ఎండాకాలంలో కూడా ఆగిన ఫ్యాను కిందే కూర్చుని చుట్టేది. చేతులకు తంబాకు అంటి ఉంటుంది కదా, నాలుగు బీడీలకోసారి మోచేత్తో నుదురు తుడుచుకునేది. అది చూసినప్పుడల్లా ఆ ఫ్యానును పీకి పారేయాలనిపించేది.

ఈ ఎండాకాలం ఆ పాత ఫ్యాను కాలిపోయింది. నాకు పండగైంది. ఈసారి ఆమె పని చేస్తుంటే కూడా తిరిగే ఫ్యానే కొనాలని పట్టుబట్టి అవ్వను నిజామాబాద్ బస్సెక్కించాను. ఎక్కాక చూద్దును గదా, ఆమె సంచిలో చాట, డబ్బా నిండా తంబాకు!

"గివెందుకే అవ్వా?"

"సీర కొంటే బుజం మీద ఏసుకొని సూడమా?" అంది.

దుకాణంలో తల మీద వరసగా ఫ్యాన్లు. సేటు అన్నిటికంటే మెరిసేదాన్ని చూపించాడు. "సూడమ్మా, స్పీడు ఐదుల పెడితే మంచం మీద దుప్పటి నిలవది."

"గది నాకొద్దు సేటూ. గాలి తక్కువొచ్చేది సూపియ్యి."

సేటు నా ముఖం చూశాడు. ఇట్లాంటి బేరం ఆయనకు ఎన్నడూ తగిలినట్టు లేదు. సిగ్గుతో నేను ఇస్త్రీపెట్టెలు చూస్తూ నిలబడ్డాను. అవ్వ అప్పటికే చాట ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంది. "తక్కినవన్ని బంద్ చెయ్యి. దీన్ని ఒకటిల పెట్టు."

పెట్టాడు. తంబాకు లేచి నేరుగా ఆయన మీసాల్లోకి పోయింది. ధర చెప్పబోయి నాలుగు సార్లు తుమ్మాడు గానీ ధర మాత్రం బయటికి రాలేదు. రెండో ఫ్యాను ఒకటిలో గుయ్యిమని మూలిగి ఆగిపోయింది. మూడోది కల్లు తాగినట్టు ఊగింది. నా సిగ్గు ఎటు పోయిందో, నవ్వలేక గోడకు జారగిలబడ్డాను. సేటుకు కూడా పంతం పట్టుకుంది. ముక్కుకు దస్తీ కట్టుకుని, చెమటలు కారుతుంటే, "ఆగమ్మా, ఇంకోటుంది!" అంటూ ఒక్కో స్విచ్ దగ్గరికి ఉరుకుతున్నాడు.

చివరికి మూలన ఏ సోకులూ లేని తెల్ల ఫ్యాను మిగిలింది. ఒకటిలో పెడితే ఊగలేదు, మూలగలేదు, తీరుబడిగా తిరిగింది. అవ్వ దాని కిందికి జరిగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి చాట మీదికి వంగాం. ఒక్క నలుసు కదల్లేదు.

"లేవలే!" ముందు అరిచింది సేటే. నేను చప్పట్లు కొట్టాను. "రెండేండ్ల గ్యారంటీ అమ్మా," అన్నాడాయన సంబరంగా.

"గది సరే. తంబాకు లేవదని రాసియ్యి."

నిజంగానే బిల్లు వెనక రాసిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఫ్యాను బిగించారు. ఒకటిలో పెట్టాను. అవ్వ చాట ముందేసుకుని కూర్చుంది. తంబాకు బుద్ధిగా ఉంది. ఒక బీడీ, రెండు, మూడు, నాలుగు. అలవాటుగా మోచెయ్యి నుదుటికి పోయి అక్కడే ఆగింది. మళ్లీ ఒకసారి తడిమి చూసుకుంది.

"సెమటే లేదు గదనే!"

నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. అది కనబడకుండా నవ్వేశాను.

అవ్వ కాసేపు పైకి చూస్తూ కూర్చుంది. తర్వాత చాట మీద గుడ్డ కప్పి మూలకు నెట్టింది. పట్టపగలు, సగం పని మిగిలి ఉండగా, కాళ్లూ చేతులూ బార్లా చాపి నేల మీద పడుకుంది.

"ఐదుల పెట్టు బిడ్డా," అంది.