పారేయమని ఆమె చెప్పలేదు

మా తమ్ముడి భార్య పోయిన శుక్రవారం కన్నుమూసింది. కామెర్లు ముదిరాయి. కర్దనూర్‌లో మా ఇళ్లు పక్కపక్కనే కాబట్టి ఏడుపు వినగానే తెలిసిపోయింది. కాటి దగ్గర అందరూ ఆమె మంచితనం చెప్పుకున్నారు. ఆమెకు జరిగిన అన్యాయం ఎవరూ ఎత్తలేదు. నలుగురిలో నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

మరదలు మాత్రల కంపెనీలో ప్యాకింగు పని చేసేది. షిఫ్టు దిగి వచ్చి వండిన కూరలో ఒక గిన్నె మాకు పంపేది. కాసేపటికి గోడ అవతలి నుంచి అడిగేది. "బావా, తిన్నవా, కుక్కకేసినవా? ఉప్పెక్కువైతే చెప్పు. నీ మొగమాటానికి నా వంట పాడైతది." ఇచ్చినది ఏమైందో తెలుసుకుంటే తప్ప ఆమెకు తోచేది కాదు.

పెళ్లయిన చాలా ఏళ్లకు, పటాన్‌చెరు రోడ్డు మీది ఒక సంతాన కేంద్రంలో వైద్యం చేయించుకుంటే ఆడపిల్ల పుట్టింది. శరీరం బయట తయారుచేసిన పిండాల్లో ఒకటి ఆ పిల్ల అయింది. మిగిలినవి అక్కడే గడ్డకట్టించి దాచారు. రెండో కాన్పు ఆమె ఒంటికి మంచిది కాదన్నారు. మరి వాటినేం చేయాలి?

అట్లా మిగిలిన పిండాల నుంచి మూలకణాలు తీసి, విరిగిన వెన్నెముకలకు మందు కనిపెట్టే పరిశోధన ఉందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. సర్కారు డబ్బిస్తుందట. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే తీసుకుంటారట. మరదలి సొంత తమ్ముడు ఫ్యాక్టరీ షెడ్డు రేకుల మీంచి పడి, నడుము కింద చచ్చుబడి మంచంలో ఉన్నాడు. ఈ మందు ఇప్పట్లో రాదు, మీ తమ్ముడికి అందదు అని డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. అయినా మరదలు ఇస్తానంది.

మా అమ్మ ఊరుకోలేదు. "అవి గూడ మన పిల్లలే గదనే! కోతకిస్తవా? నీకు చేతులెట్లొస్తయ్?"

"అత్తమ్మా, వాటికి ఆకలి లేదు, దూప లేదు. నా తమ్మునికి రెండూ ఉన్నయి. ఎవరి కొడుకో ఒకడు లేచి నడిస్తే సాలు."

"రేపు దేవుడడిగితే ఏం జెప్తవ్?"

"నేనే అడుగుత. వాని నడుమెందుకు ఇరగ్గొట్టినవని."

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ మాటా కొట్టిపారేయలేనిదే. మరదలు చాటుగా ఏడ్చిందని మా తమ్ముడు చెప్పాడు. అయినా పోయి సంతకం చేసి వచ్చింది.

తరువాత ఏళ్లు గడిచాయి. అడగడానికి పోయినప్పుడల్లా ఒక మాట. అనుమతిచ్చే కమిటీ కూర్చోలేదు. డబ్బు రాలేదు. నియమాలు మారుతున్నాయి. పిండాల మీద పరిశోధనకు ప్రజల డబ్బు ఇవ్వడం న్యాయమా కాదా అని ఢిల్లీలో పెద్దలు వాదించుకుంటున్నారట. వాదించుకోండి, తప్పు లేదు. ఆ వాదన మా వంటింట్లోనూ జరిగింది. మా వంటింట్లో తేలింది.

చివరిసారి నేనూ వెంట పోయాను. కొత్తగా వచ్చిన మేనేజరు తలెత్తకుండానే అన్నాడు, "అవి లేవమ్మా. పోయినేడే క్లియర్ చేసేసినం."

"క్లియరంటే?"

"పారేసినం."

"నన్నడగకుంటనా?"

"గ్రాంటు రాలే. ఎన్నేండ్లు పెట్టుకోవాలె? ఇస్తనని సంతకం పెట్టినంక ఇగ మీవెట్లైతయ్?"

"మందు కనిపెట్టనీకి ఇస్తనన్న సారూ, పారేయనీకి కాదు. నాకిచ్చినా మట్టిలనన్న పెట్టుకుంటుంటి."

అతను నవ్వాడు. "కంటికి గూడ కనపడయమ్మా. ఏం పెడతవ్?"

ఆ నవ్వు ఇప్పటికీ నాకు మంటే. తీసుకోవడానికి ఆమె సంతకం కావాలి. పారేయడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. అవి ప్రాణమే అనుకుంటే చెత్తలో ఎట్లా వేశారు? ప్రాణం కాదనుకుంటే పరిశోధనకు ఇన్నేళ్లు ఎందుకివ్వలేదు? రెండిట్లో ఒక్కదానికైనా జవాబు చెప్పండి. నేను ఊరి బడిలో చదివినవాణ్ణి. నాకర్థమయ్యేలా చెప్పండి.

మా దిక్కు పసిపిల్లలు పోతే కాల్చరు. పాతిపెట్టి, పైన పాలు పోస్తారు. ఆ సాయంత్రం మరదలు పొలానికి పోయి, గట్టు పక్కన జానెడు గుంత తీసింది. అందులో పెట్టడానికి ఏమీ లేక, పార పట్టుకుని అట్లాగే నిలబడింది. మా తమ్ముడు పూడ్చబోతే వద్దంది.

అప్పుడు ఇంటి వైపు నుంచి మా అమ్మ వచ్చింది. చేతిలో పాలగిన్నె. గుంత పక్కన కూలబడి, లోపల ఎవరో ఉన్నట్టే, ఒలకకుండా మెల్లగా గిన్నె వంచింది.