టి.సి. కోసం వచ్చిన తండ్రి

2004. గుంటూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ, ఎన్నెస్సెస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా కూడా ఉండేవాణ్ణి. విద్యార్థులతో సేవా కార్యక్రమాలు చేయించే బాధ్యత అది. రక్తదానం, మొక్కలు నాటడం అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. హిజ్రాల గురించి సదస్సు పెడతాననేసరికి స్టాఫ్ రూంలో "మీకేం పనిలేదా మాస్టారూ" అన్నారు.

పనుండే పెట్టాను. బీఎస్సీ రెండో సంవత్సరంలో కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఉండేది. కల్యాణి అందాం. కాలేజీ రికార్డుల్లో మగపిల్లాడి పేరు, ఉండేదేమో మగపిల్లల హాస్టల్లో. తను ఆడపిల్లనని నాకొక్కడికే చెప్పుకుంది. హాస్టల్ కుర్రాళ్ళు తన నడకను వెక్కిరించడంతో మొదలై, పరుపు తీసి వరండాలో పారేసేదాకా వచ్చింది వ్యవహారం. వార్డెన్ ఆ వెధవల్ని ఏమీ అనకుండా, మీవాణ్ణి తీసుకుపొండని తండ్రికి కబురు పంపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా సదస్సు రోజునే ఆ తండ్రి దిగాడు. మిరప రైతు, ఎండకు నల్లబడ్డ మనిషి.

"మావాడి టి.సి. ఇప్పించండి మాస్టారూ. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా."

కాలేజీ మానేసేవాళ్ళకిచ్చే సర్టిఫికెట్ అది. చేతికిస్తే ఆ పిల్ల చదువు అంతటితో సరి. "ప్రిన్సిపాల్ గారు సదస్సులో ఉన్నారు, అయ్యాక అడుగుదాం" అని ఆయన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టాను.

మాట్లాడటానికి పెదకాకాని నుంచి మస్తానమ్మను పిలిచాను. ఆమె హిజ్రా. కొత్త షాపులు తెరిచేవాళ్ళు దిష్టి తీయడానికి ఆమెను పిలిచేవారు. "పిల్లల్ని దీవించి వెళ్తుందిలెండి" అని ప్రిన్సిపాల్ గారు నాతో అంటుంటే ఆమె చెవిన పడింది.

"దీవెనలు రోజూ ఇస్తూనే ఉన్నానండీ. ఇవాళ మాట్లాడమంటే వచ్చాను" అంది.

మైకు ముందుకు రాగానే కుర్రాళ్ళు వెక్కిరింతగా చప్పట్లు మొదలుపెట్టారు. "కానివ్వండి నాయనా, నాకంటే బాగా కొడుతున్నారు" అంది. హాలంతా నవ్వేసి, తర్వాత సద్దుమణిగింది.

"నేనూ ఇంటర్ చదివా. హాస్టల్లో నా కంచం వేరుగా పెట్టేవాళ్ళు. మా నాన్నొచ్చి మాన్పించి తీసుకెళ్ళాడు. ఇంటికెళ్ళాక గొడ్లపాకలో పడుకోమన్నారు. నెల తిరక్కుండా బయటికొచ్చేశా. మా అమ్మ పోయిన సంగతి ఎవరో ఊరివాళ్ళు కనబడి చెబితే తెలిసింది. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది."

వెనక బెంచీలోంచి కల్యాణి తండ్రి లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇప్పుడు మీ నాన్న రమ్మంటే పోతావా?"

"రమ్మంటే కదండీ!" అంది మస్తానమ్మ.

ఆయన మెల్లగా కూర్చున్నాడు. సదస్సయ్యాక ప్రిన్సిపాల్ గదివైపు వస్తాడేమోనని చూశాను. రాలేదు. వరండాలో తలొంచుకుని నిలబడ్డ కల్యాణి దగ్గరికి వెళ్ళాడు.

"పరీక్షలు రాసుకుని ఇంటికి రా. కల్లంలో కాయలున్నాయి, మీ అమ్మొక్కతే చేసుకోలేదు."

ఆ పిల్ల భోరుమంది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

ఒక్క సదస్సుతో వెక్కిరింతలు ఆగిపోయాయని అబద్ధం చెప్పను. కల్యాణి హాస్టల్ వదిలి అద్దెగదిలో ఉండి డిగ్రీ పూర్తిచేసింది. అప్పట్నుంచి ఇలాంటి సదస్సు ఎప్పుడు పెట్టినా తల్లిదండ్రుల్ని పిలుస్తూ వచ్చాను. వాళ్ళు తలుపేసుకుంటే, కాలేజీలో మనమెంత చెప్పినా ఆ పిల్లలు ఎక్కడికి పోతారు?