రెండుసార్లు ఉన్న మనిషి

మా పేట బతు బస్తీలో, మా ఇంట్లో అద్దెకున్న ఒక పిల్ల, ఆరు నెలల డేటాబేస్ కోర్సును మూడు వారాల్లో మింగుతుండేది. నోరు తెరిస్తే, "పట్టికలో ఒక మనిషికి ఒక్క వరుసే!" అనేది.

పరీక్ష కోసం మా తెలుగు చర్చి పాత రిజిస్టరు, కొత్త లిస్టు కలిపి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, వేలు పెట్టి చదువుతూ అందులో నేను రెండు పేర్లతో రెండుసార్లు ఉన్నానని పట్టేశాను.

"అరే మామ్మా, ఖతమ్! రేపే సర్‌కి చూపించాలి, ఇలా ఉంటే ఫెయిల్ చేసేస్తారు. రేషన్ కార్డు పేరు తీసేయనా, బాప్తిస్మం పేరు తీసేయనా?"

"కార్డు పేరు తీస్తే బియ్యం రావు, బాప్తిస్మం పేరు తీస్తే పరలోకం రాదు. రెండూ ఉంచవే."

తల గోక్కుని, ఒకే వరుసలో రెండు పేర్లకీ గళ్లు పెట్టింది. పాసైంది. సర్ మెచ్చుకుంటే, ఆ ఆలోచన తనదేనని చెప్పిందట, దొంగమొహంది.